సగం వాన

గ్లాసులో ఏడు ఉంది. రిజిస్టరులో మూడు అని రాశాడు లస్కరు.

రాశాక కలానికి మూత పెట్టి, సిరా ఆరేదాకా పేజీ మీద ఊదాడు. కాలువ చివరి గేటు పక్కన, ఇనుప కంచె మధ్యలో, మోకాలెత్తు దిమ్మ మీద ఉంటుంది వానమాపకం. పైన గరాటు, లోపల సీసా, పక్కన గీతలున్న కొలతగ్లాసు. కాలువ గట్లు చూసుకోవడం, గేట్లు ఎత్తి దించడం లస్కరు ఉద్యోగం. రోజూ పొద్దున ఎనిమిదింటికి వాన కొలిచి ఆఫీసుకు పంపడం దానికి కొసరు. ఆ కొసరు పనిలో అతనంత శ్రద్ధ ఉన్నవాడు ఆ కాలువ పొడుగునా ఇంకొకడు లేడు. గరాటులో పడిన ఆకు ఏరి పారేస్తాడు. గ్లాసును మెత్తటి గుడ్డతో తుడుస్తాడు. చుక్క ఒలకకుండా సీసా వంచుతాడు, ఊపిరి బిగబట్టి గీత చూస్తాడు. ఇంత నిక్కచ్చిగా చూసినదాన్ని సగం చేసి, అందులోనూ కాస్త తెగ్గోసి రాస్తాడు. దొంగపనికి కూడా ఒక పనితనం ఉంటుంది మరి.

ఫోన్ తీసి మూడు అంకె నొక్కి ఆఫీసుకు పంపేశాడు.

"ఎంత పడిందట?"

వెనక వదిన నిలబడి ఉంది. భుజాన పార, పాదాలకు చీలమండల దాకా బురద. లస్కరు అన్న లారీ నడుపుతాడు. నెలలో ఇరవై రోజులు రోడ్ల మీదే ఉంటాడు కాబట్టి చేను వదినదే, చేను మీద చివరి మాట కూడా వదినదే.

"మూడు," అన్నాడు లస్కరు, గ్లాసులో నీళ్ళు గబుక్కున పారబోస్తూ.

"మూడేనా? తెల్లారుజామున నా నెత్తి మీద పడిందే అంతకంటే ఎక్కువ. నీ సీసాకు చిల్లేమైనా పడిందేమో చూసుకో మరిదీ."

"సీసా బాగానే ఉంది. నీ నెత్తే పెద్దది."

వదిన పకపకా నవ్వింది. నవ్వుతూనే గట్టు దిగి, మొక్కజొన్న చేను అంచున ఒక కంకి మీది పొర ఒలిచి, గింజను గోటితో నొక్కింది. నీళ్ళలా పల్చగా చిమ్మింది.

"చూశావా? ఇంకా పాలు పట్టలేదు. ఇప్పుడొక తడి అందిందా, గింజ బిగుస్తుంది. లేదంటే మేతకు కోసుకోవడమే. ఎల్లుండి ఆరింటికే కదా మన వంతు?"

"ఎల్లుండి పొద్దున ఆరింటికి. గేటు ఎత్తేది నేను. నీకెందుకు బెంగ?"

"పోయిన పంటకూ ఇదే మాట అన్నావు," అంది వదిన. దెప్పాలని అన్న మాట కాదు. అయినా అది తగలాల్సిన చోటే తగిలింది.

ఎక్కడో అరవై కిలోమీటర్ల అవతల ఒక రాడార్ తిరుగుతూ ఉంటుంది. అది మబ్బుల్లోకి చూసి, ఎక్కడ ఎంత వాన ఉందో రంగుల్లో చెబుతుంది. నీటి ఆఫీసువాళ్ళు ఆ రంగుల పటాన్ని గళ్ళుగా విడగొట్టి, ఒక్కో గడిని ఒక్కో బ్లాకు అన్నారు. వంతుకు ముందు ఏడు రోజుల్లో ఇరవై మిల్లీమీటర్లు దాటి వాన పడిన బ్లాకుకు ఆ వంతు ఉండదు. దాని వాటా ఎండిన బ్లాకుకు వెళుతుంది. పద్ధతి న్యాయమైనదే. కాలువలో నీళ్ళు తక్కువ, తాగే నోళ్ళు ఎక్కువ. కానీ పోయిన పంటలో వదిన చేను ఉన్న పదిహేడో బ్లాకు మీద రాడార్ ఇరవై ఆరు చూసింది. గ్లాసులో పడింది పధ్నాలుగు. పైన బయలుదేరిన చినుకుల్లో సగం నేల చేరకముందే వేడిగాలికి ఆరిపోతే, ఆ సంగతి అంత ఎత్తున చూసే రాడార్‌కు ఎలా తెలుస్తుంది? లస్కరు పధ్నాలుగు అని పంపాడు, ఫోన్లో మొత్తుకున్నాడు కూడా. రాడార్ మాటే చెల్లింది. వదిన వంతు పోయింది, వంతుతో పాటు పంటా పోయింది.

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడు ఉంటాడనుకున్నాడు లస్కరు. ఆ వారం నుంచి గ్లాసు మాట వేరు, రిజిస్టరు మాట వేరు అయ్యాయి. రాడార్ ఎక్కువ చెబితే తను తక్కువ చెబుతాడు. రెండూ కలిస్తే ఎక్కడో నిజం దగ్గర తేలుతుందని అతని లెక్క. వదినకు ఈ సంగతి తెలియదు. తెలిస్తే మెచ్చుకుంటుందో, పార తిరగేస్తుందో అతనికే నమ్మకం లేదు.

పది గంటలకు ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. పటం చూసి వంతులు తేల్చే చిన్న ఇంజనీరు ఆవిడ. పొద్దస్తమానం రంగుల పటం ముందే కూర్చుంటుందని లస్కర్లందరూ చాటుగా ఆమెను రంగుల మేడమ్ అంటారు.

"లస్కరు గారూ, మీకో మంచి కబురు," అంది. గొంతులో పరీక్ష పాసైన పిల్లకుండే హుషారు ఉంది. "మీరు పంపే కొలతల్నీ రాడార్ చెప్పే అంకెల్నీ పక్కపక్కన పెట్టి చాలా రోజులుగా చూస్తున్నాను. మీ దగ్గర రాడార్ పది అంటే కింద పడేది మూడే. ఏ వాన తీసుకున్నా అదే వరస. మీరు అప్పుడు గొడవ పెట్టుకున్నది నిజమే. అందుకని ఇవాళ్టి నుంచి మీ వైపు రాడార్ అంకెల్ని పది ఉంటే మూడే అని లెక్క వేసేలా తగ్గించేశాను. ఇక మీ బ్లాకులకు ఊరికే వంతులు పోవు."

లస్కరు కుర్చీలోంచి లేచాడు. రాడార్ మెడ వంచాడు తను! పదో తరగతి తప్పిన వాడు!

"చాలా సంతోషం మేడమ్. చాలా..." అని, ఏదో తట్టి, "మా వైపు అంటే ఎంత దూరం?" అని అడిగాడు.

"కొండ దాకా. కొండకు ఇవతల వానమాపకం ఉన్నది మీ దగ్గరొక్కటేగా."

ఫోన్ పెట్టేశాక భార్యను టీ పెట్టమన్నాడు. చక్కెర ఎక్కువే వేయమన్నాడు. తాగుతుంటే మాత్రం, కొండ దాకా అన్న మాట నాలుక చివర చేదుగా తగులుతూనే ఉంది.

*

మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి, కాలువ తల దగ్గర పెద్ద గేటు ఎత్తామని ఆఫీసు నుంచి కబురు వచ్చింది. అక్కడ వదిలిన నీళ్ళు ఈ చివరికి రావడానికి ఆరు గంటలు పడుతుంది. సాయంత్రానికి కాలువ నిండుతుంది, పొద్దున ఆరింటికి వదిన చేనివైపు గేటు ఎత్తవచ్చు. లస్కరు ఆ గేటు చక్రానికి గ్రీజు రాసి, కాలువ గోడ మీద నీటిమట్టం కొలిచే తెల్లటి బల్లను కడిగి, గట్టు చూడ్డానికి బయలుదేరాడు.

చివరి మైలులో కాలువకు ఎడమవైపు మెట్ట. అక్కడ వదిన మొక్కజొన్న. కుడివైపు గట్టు కింద పల్లం, అదంతా ఉల్లి. మూడు రోజుల కిందట ఉల్లి పీకి, ఆకులతో సహా వరసలు వరసలుగా నేల మీద పరిచి ఆరబెట్టారు. ఎర్రగా, కళకళలాడుతూ పదెకరాల ఉల్లి. పీకిన ఉల్లికి నీళ్ళు తగిలాయంటే నాలుగో రోజుకు ముక్కు మూసుకోవలసిందే.

ఉల్లి రైతుల్లో పెద్దవాడు, అందరూ పెద్దాయన అనే ముసలాయన, గట్టు వాలులో కూర్చుని కొండ వైపు చూస్తున్నాడు.

"ఏమోయ్ లస్కరూ, అక్కడ ఆ నల్లటిది ఏమిటో చూశావా?"

లస్కరు చూశాడు. కొండ మీద మబ్బు పొయ్యి మీది మూకుడు అడుగులా నల్లగా దిగి ఉంది. దాని కింద కొండ కనిపించడం లేదు.

"ఇటు రాదులే పెద్దాయనా. గాలి అటు వీస్తోంది."

"వాన ఇటు రాదు, నాకూ తెలుసు. కొండవాగు వస్తుందిగా! అది వచ్చి కలిసేది నీ కాలువలోనే." ముసలాయన గట్టు మీద అరచేత్తో తట్టాడు. "ఇది నా మోకాళ్ళలాంటిది. చూడ్డానికి ఉంది, బరువుకు ఆగదు."

లస్కరు నవ్వడానికి ప్రయత్నించాడు. అప్పుడే ఫోన్ మోగింది.

"లస్కరు గారూ, కొండ మీద గట్టి వాన," అంది రంగుల మేడమ్. తొణుకూ బెణుకూ లేదు. "గంటలో డెబ్భై చూపిస్తోంది రాడార్. కంగారు పడకండి. పదికి మూడు చొప్పున సరిచేస్తే ఇరవై ఒకటి. కొండ మీద ముప్పై దాకా పడ్డా వాగు నీళ్ళూ మనం వదిలిన నీళ్ళూ కలిపి కాలువ ఓర్చుకుంటుంది. కాబట్టి తల గేటు మూయడం లేదు. రేపు పదిహేడో బ్లాకు వంతు మామూలే."

పదికి మూడు కాదు. పదికి ఆరు. ఈ భూమ్మీద ఆ సంగతి తెలిసినవాడు తనొక్కడే. డెబ్భైకి నలభై పైన. అది కూడా ఇక్కడి లెక్క. కొండ మీద చినుకు ఆరిపోవడానికి దూరమేది? అక్కడ డెబ్భైకి డెబ్భై పడినా దిక్కు లేదు.

"మేడమ్, ఎందుకైనా మంచిది... మూసేద్దామా?"

"ఎందుకు? మూస్తే రేపటి వంతు పోతుంది. మీ వదినగారిదేగా అది? పైగా మూసినందుకు నేను కారణం రాయాలి. గట్టు ఎక్కడైనా కారుతోందా?"

"లేదు."

"మరి?"

మరి! "ఏం లేదు మేడమ్," అన్నాడు. ఫోన్ ఆగిపోయింది.

కుడివైపు ఉల్లి, ఎడమవైపు మొక్కజొన్న, మధ్యలో గట్టు మీద తను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు, అతనికి రెండూ పక్కల వచ్చి పడ్డాయి. చెబితే తల గేటు మూస్తారు, వదినకు రేపటి నీళ్ళు లేవు. మళ్ళీ వంతు పన్నెండు రోజులకు. అప్పటికి ఆ గింజ పాలు పట్టేదీ లేదు, బిగిసేదీ లేదు. తన ఉద్యోగం సంగతి సరేసరి. చెప్పకపోతే? కొండ మీద అంత పడకపోవచ్చు. వాగు దారిలోనే ఇంకిపోవచ్చు. గట్టు ఆగవచ్చు. ఎన్ని వచ్చులు! ఒక్కో నిమిషానికి ఎంత నీరు తల గేటు దాటుతుందో అతనికి వేళ్ళ మీద లెక్క. ఆ నీరు బయలుదేరిందంటే ఇక వెనక్కి పిలవలేరు.

ముసలాయన వంగి, వరసలోంచి పక్కకు దొర్లిన ఒక ఉల్లిగడ్డను తీసి, మన్ను దులిపి, మళ్ళీ వరసలో పెట్టాడు. ఊరికే. చెయ్యి ఖాళీగా ఉండలేక చేసిన పని. లస్కరు ఆ గడ్డ వైపు చూశాడు.

ఫోన్ చేశాడు.

"మేడమ్, నేను పంపినవన్నీ సగం అంకెలు."

"ఏమిటి?"

"వాన కొలతలు. ఉన్నదాంట్లో సగం, అంతకంటే తక్కువ రాశాను. పదికి మూడు కాదు మేడమ్. పదికి ఆరు. నిన్నటి మూడు కూడా నిజానికి ఏడు. తల గేటు మూయించండి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన పంట నుంచి."

"అన్నీనా?"

"అన్నీ."

"ఫోన్ పెట్టేయండి," అంది. మరీ చిన్న గొంతుతో అంది. "గేటు వాళ్ళకు చెప్పాలి."

టైము చూశాడు లస్కరు. రెండు కావస్తోంది. మొదటి ఫోన్‌కూ రెండో ఫోన్‌కూ మధ్య ఇరవై రెండు నిమిషాలు.

*

మిగులు నీళ్ళను కింద పారే వేరే వాగులోకి వదిలే తూము ఒకటి ఉంది చివరి గేటు పక్కన. దాని చక్రం నలభై చుట్లు తిప్పితే గానీ తలుపు పూర్తిగా లేవదు. ఏడాదికి ఒకటి రెండుసార్లు తప్ప తిప్పని చక్రం. పదో చుట్టుకు లస్కరు చొక్కా తడిసింది, పాతికో చుట్టుకు అరచేతులు పొక్కాయి. భార్య ఇంట్లోంచి పరిగెత్తుకొచ్చి రెండో వైపు పట్టుకుంది.

పెద్దాయన కబురంపితే ఉల్లి వాళ్ళందరూ గోతాలు తెచ్చి మన్ను నింపడం మొదలుపెట్టారు. గట్టు ఎక్కడ పల్చగా ఉందో ముసలాయన కాలితో తొక్కి చూపిస్తుంటే అక్కడ పేర్చారు. ఐదు దాటాక కొండవాగు నీళ్ళు వచ్చాయి. ముందు చప్పుడు, తర్వాత కొమ్మలూ రెమ్మలూ, ఆ తర్వాత టీ రంగు నీళ్ళు. తెల్లబల్ల మీద అంకెలు ఒకటొకటిగా మునిగిపోయాయి. ఆరింటికి, ఆ రెండు గంటలూ తల గేటు దాటిన నీళ్ళు కూడా వచ్చి కలిశాయి.

అప్పుడొచ్చింది వదిన. వాగులోకి పడుతున్న నీళ్ళను చూసింది, మూసి ఉన్న తన గేటును చూసింది.

"ఇదేమిటి? కాలువ నిండా నీళ్ళు పెట్టుకుని వాగులోకి వదులుతున్నావేం? నాకివ్వచ్చు కదా!"

"కొండ నీళ్ళు వదినా. ఇసుకతో వస్తున్నాయి. గేటు ఎత్తితే చేలో మోకాలెత్తున మేట వేస్తుంది."

"సరే. అయితే రేపు తేటనీళ్ళు ఇస్తావుగా?"

"తల గేటు మూయించాను."

"ఎవరు చెప్పారు మూయించమని?"

అతను చక్రం వదల్లేదు. దాన్ని పట్టుకునే, నీళ్ళ వైపు చూస్తూనే, ఉన్నదంతా చెప్పాడు. గ్లాసులో ఏడు, రిజిస్టరులో మూడు. పదికి ఆరు, పదికి మూడు. నీళ్ళ హోరులో కొన్ని మాటలు రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అది అన్నిటికంటే కష్టమైంది.

వదిన విన్నది. ఆమె మొహంలో కోపం కోసం వెతికాడు లస్కరు. కోపమైతే నయం, దానికి బదులు చెప్పుకోవచ్చు.

"నేనడిగానా?" అంది.

"లేదు."

"మరి నా పేరు చెప్పుకుని ఎందుకు చేశావు?"

జవాబు కోసం ఆగలేదు. కొంగు నడుముకు బిగించి, గట్టు మీద ఉల్లి వాళ్ళ దగ్గరికి నడిచి, నిండిన గోతం ఒకటి ఎత్తి భుజాన వేసుకుంది.

ఎనిమిదికి నీళ్ళు గట్టు అంచుకు బెత్తెడు దూరంలో నిలబడ్డాయి. అరగంట అలాగే నిలబడ్డాయి. తర్వాత బల్ల మీద తడి గీత ఒకటి బయటపడింది, దాని కింద ఇంకొకటి. పెద్దాయన గట్టు మీద అలాగే చతికిలబడ్డాడు.

"ఉరుము ఉరిమి మంగళం మీద పడేది ఇవాళ. నీ చలవ వల్ల బతికాం," అని లస్కరు చెయ్యి పట్టుకోబోయాడు.

లస్కరు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పొక్కులు మండుతున్నాయని చెప్పాడు.

*

"పాము చావకుండా కర్ర విరగకుండా చెప్పలేకపోయారా?" అంది భార్య పొద్దున్నే, అతని అరచేతులకు మందు రాస్తూ. "గట్టు కారుతోందని ఒక్క మాట అంటే గేటు మూసేసేవారుగా."

అది తనకు తట్టనే లేదని లస్కరుకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ రోజూ అబద్ధం రాసినవాడికి, అవసరానికి ఒక్క అబద్ధం దొరకలేదు.

పదకొండింటికి జీపు వచ్చింది. రంగుల మేడమ్‌ను అతను దగ్గరగా చూడ్డం అదే మొదలు. ఫోన్లో గొంతు కంటే చిన్నపిల్లలా ఉంది. రాత్రి నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. గేటు పక్కన ఒంటిగది క్వార్టర్లో, మంచం పక్కన బల్ల మీద రిజిస్టరు తెరిచి, పేజీలు ఒక్కొక్కటే తిప్పింది. అతని రాత ముత్యాల కోవ. ఎక్కడా కొట్టివేత లేదు.

"నిజమైన అంకెలు ఎక్కడైనా రాసిపెట్టుకున్నారా?"

"లేదు మేడమ్."

"గుర్తున్నాయా?"

"కొన్ని."

రిజిస్టరు మూసింది. దాని అట్ట మీద చెయ్యి పెట్టింది.

"లస్కరు గారూ, మిమ్మల్ని తిట్టే ఓపిక కూడా లేదు నాకు. ఒక్క సంగతి చెబుతాను, వినండి. పోయిన పంటలో మీరు గొడవ పెట్టుకున్న తర్వాతే నేను వానమాపకాలతో పోల్చి చూడ్డం మొదలుపెట్టాను. మీ వల్లే. మీరు ఉన్నది ఉన్నట్టు రాసి ఉంటే, పదికి ఆరు అని రెండు నెలల్లో నాకే తేలిపోయేది. రాడార్ ముప్పై చూపించినా మీ బ్లాకుకు పద్దెనిమిదే లెక్క వేసేదాన్ని. మీ వదినగారి వంతు మళ్ళీ ఎప్పుడూ ఊరికే పోయేది కాదు. నిన్న డెబ్భై చూడగానే తల గేటూ మూసేదాన్ని."

లస్కరు నిలబడే ఉన్నాడు. తను అబద్ధంతో తేవాలనుకున్నది నిజం దానంతటదే తెచ్చి పెట్టి ఉండేది. మధ్యలో తనే అడ్డం కూర్చున్నాడు.

"ఇప్పుడు?" అన్నాడు.

"ఇప్పుడు మీ వానమాపకాన్ని లెక్కలోంచి తీసేశారు. మా పైవాళ్ళు నిన్ననే తీసేశారు. మళ్ళీ చేర్చాలంటే నలభై వానల కొలతలు వరసగా, సరిగ్గా ఉండాలి. అందాకా మీ వైపు రాడార్ ఎంత అంటే అంతే. మీ గురించి నేను రాయాలి, రాస్తాను. ఏం చేస్తారో నాకు తెలియదు."

"మా వదిన వంతు..."

"రద్దు చేయనివ్వలేదు. ఎల్లుండి పది గంటలకు మార్పించాను. నేను చేయగలిగింది అంతే." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ఈ వారం రాడార్ లెక్కలో పన్నెండు ఉంది. ఇంకో ఎనిమిది దాటకుండా ఉంటే చాలు."

ఆ మాట వదినకు చేరవేశాడు లస్కరు, చేను గట్టు దగ్గర నిలబడి. వదిన తల ఊపింది. అతని వైపు చూడలేదు. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దంతా ఇద్దరూ ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ ఆకాశం వైపే చూశారు. రైతు ఆకాశం వైపు చూసి వాన వద్దని కోరుకోవడం ఎంత పాడు రోజులు! మొక్కజొన్న ఆకులు మధ్యాహ్నానికి చుట్టుకుపోతున్నాయి. పొద్దుపోయాక గానీ విప్పుకోవడం లేదు. పడితే చేను తడిసేంత వాన పడాలి, లేదా అసలు పడకూడదు. ఈ రెండూ కాక, రాడార్ కంటికి ఆని నేలకు ఆనని వాన ఒకటి ఉంటుంది. అదే వాళ్ళను చంపేది.

*

వంతు రోజు తెల్లారుజామున వాన సన్నగా మొదలై, గంట సేపు పడి, ఆగింది.

ఏడుంపావుకు లస్కరు చేలోకి వెళ్ళి వేలితో మన్ను తవ్వి చూశాడు. పైన తడి, వేలి కణుపు దాటితే పొడి. ఏడూ నలభైకి ఫోన్‌కు ఆఫీసు సమాచారం వచ్చింది. పదిహేడో బ్లాకు, రాడార్ వాన పదమూడు, వారం మొత్తం ఇరవై ఐదు, ఈ వంతు లేదు. అంతే. సంతకం కూడా లేని సమాచారం.

రంగుల మేడమ్‌కు ఫోన్ చేశాడు. మొదటి రింగుకే ఎత్తింది.

"చూశాను," అంది. "అడిగాను. లాభం లేదు."

వదిన గేటు దగ్గరికి వచ్చేసరికి అతను కంచె బయట రాతి మీద కూర్చుని ఉన్నాడు. ఆమె చేతిలో పార లేదు. కొడవలి ఉంది.

"వచ్చిందా కబురు?"

"వచ్చింది. వంతు లేదు."

వదిన చేను వైపు చూసింది. కళ్ళు ఒకసారి గట్టిగా మూసి తెరిచింది. అంతకు మించి ఏమీ చేయలేదు. లస్కరుకు ఆ కాళ్ళ మీద పడాలనిపించింది. ఆ బురద పాదాల వైపు చూస్తూ కూర్చుండిపోయాడు.

"టైమెంతయింది?" అంది వదిన.

"ఎనిమిది."

"మరి కొలవవా?"

"కొలిచి ఎవరికివ్వాలి వదినా? నా అంకె ఎవరూ తీసుకోవడం లేదు."

"ఎనిమిదైందిగా. లే."

లేచాడు. కంచె తలుపు తీశాడు, గరాటు ఎత్తాడు, సీసాను గ్లాసులోకి వంచాడు. నీళ్ళు నిలకడ అయ్యేదాకా ఆగి చూశాడు.

"ఎనిమిది," అన్నాడు. రిజిస్టరులో ఎనిమిది అని రాశాడు.

"ఇలా ఇవ్వు." వదిన గ్లాసు అందుకుని, వెలుగు వైపు తిరిగి, చాలాసేపు చూసింది. "గీత దాటి ఉంది కదా నీళ్ళు."

"అర ఉంటుంది. దాన్ని వదిలేసినా ఏం కాదు."

"ఎనిమిదిన్నర అని రాయి."

అతను ఆమె మొహం చూశాడు. ఆమె గ్లాసునే చూస్తోంది.

ఎనిమిదిని కొట్టేసి, పక్కన ఎనిమిదిన్నర అని రాశాడు. ఆ రిజిస్టరులో అదే మొదటి కొట్టివేత. ఫోన్లో పంపాడు. ఈ కొలత లెక్కలోకి రాదని వెంటనే బదులు వచ్చింది. అదీ చదివి వినిపించాడు.

"ఎన్ని కావాలన్నారు?"

"నలభై."

"ఒకటయింది," అంది వదిన. గ్లాసులో నీళ్ళు పారబోసి, గ్లాసు అతని చేతికిచ్చి, కొడవలి పట్టుకుని మేతకు కోయడానికి చేలోకి దిగింది.